జీపు వెనుకకు చేరిన రెండవ బ్యాటరీ

మన పత్రికలో పెళ్ళిళ్ళను గూర్చీ, తీర్థయాత్రలను గూర్చీ, పచ్చళ్ళను గూర్చీ వ్రాసేవారు చాలామంది ఉన్నారు. జీపులో ముందున్న బ్యాటరీని వెనక్కు మార్చిన సంగతి వ్రాయబోతున్నామంటే మా ఇంట్లోవారే నవ్వారు. "అది ఎవరు చదువుతారండీ?" అన్నది మా ఆవిడ. చదివేవారు చదువుతారు, అక్కరలేనివారు పేజీ తిప్పుతారు. కాని ఇంట్లో పెద్దవాళ్ళున్నవారు, వాళ్ళ కోసం రాత్రుళ్ళు ఏదో ఒక యంత్రం నడపవలసినవారు, మన బరంపురంలోనే ఎంతమంది లేరు? మేము చేసిన తప్పు ఇంకొకరు చేయకూడదని వ్రాస్తున్నాము.

మేము చదివినది మెట్రిక్యులేషను వరకే. పగలు ఆఫీసులో ఒరియాలో నోట్లు వ్రాయడం, సాయంత్రం ఇంట్లో తెలుగులో పద్దు వ్రాయడం, ఇదే మా విద్య. ఇంజనీర్లము కాము. అందుచేత ఇందులో ఉన్నదంతా కాలి, మాడి, అడిగి, లెక్కవేసి తెలుసుకొన్నదే.

నాన్నగారికి డెబ్బైతొమ్మిదేళ్ళు. తెలుగు బడిలో పంతులుగా పనిచేసి రిటైరయ్యారు. నాలుగేళ్ళ క్రితం ఆయనకు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు బయటపడింది. నిద్రలో గొంతు లోపలి కండరాలు సడలి గాలి దారి మూసుకుపోతుంది. మనిషి ఉలిక్కిపడి లేస్తాడు, మళ్ళీ కునుకు తీస్తాడు, మళ్ళీ ఊపిరి ఆగుతుంది. గంటకు ఇరవైసార్లు ఇట్లా జరిగితే ఇక అది నిద్ర ఎట్లా అవుతుంది? దానికి, ముక్కుకు తొడుగు పెట్టుకొని పడుకొంటే సన్నగా గాలిని ఒత్తిడితో పంపే ఒక చిన్న యంత్రం ఉన్నది. సీప్యాప్ అంటారు. అది వచ్చిన మొదటి రాత్రి తెల్లవారి ఏడు గంటల దాకా నాన్నగారు నిద్రలేవలేదు. మా అమ్మ రెండుసార్లు వెళ్ళి చూచి వచ్చింది, మనిషి బాగానే ఉన్నాడా అని.

యంత్రం వచ్చినది సరే, నాన్నగారు ఇంటికి అతుక్కుపోయారు. కరెంటు లేని చోట రాత్రి ఉండడానికి లేదు. ఆయనకు ఉన్నది ఒకే ఒక కోరిక. 1966లో ఇరవై ఏళ్ళ వయస్సులో మా తాతగారితో కలిసి కాలినడకన మహేంద్రగిరికి శివరాత్రికి వెళ్ళారట. గజపతి జిల్లాలో ఉన్న ఆ కొండ ఎత్తు 1501 మీటర్లు. పైన కుంతి గుడి, ధర్మరాజు గుడి, భీముని గుడి ఉన్నవి. పూర్వం కళింగాన్ని ఏలిన గంగరాజులు తమ శాసనాలలో తలచుకొన్న గోకర్ణస్వామి ఆ కొండమీది దేవుడే. ఇటు ఒరియావారూ అటు శ్రీకాకుళం తెలుగువారూ శివరాత్రికి అక్కడ కలుస్తారు. "పోయేలోపల ఇంకొక్కసారి ఆ కొండ ఎక్కాలిరా" అని ఆయన ప్రతి మాఘమాసంలోనూ అనేవారు. శివరాత్రినాడు జాగారం గదా, నిద్ర యంత్రమెందుకని అడగవచ్చు. జాగారం సంగతి తరువాత, ముందురోజు రాత్రే కొండ క్రింద పడుకొంటే గాని ఆయన వయస్సుకు తెల్లవారి ఎక్కే ఓపిక ఉండదు.

మా తమ్ముడి దగ్గర ఒక పాత జీపు ఉన్నది. నాలుగు చక్రాలకూ శక్తి అందే రకం. పనిమీద కంధమాల్ కొండల వైపు తిరుగుతాడు గనుక దానిని అమ్మలేదు. దానికి పైన రేకు కప్పు, వెనుక ఎదురెదురు సీట్లు. ఆ రెండు సీట్లకూ మధ్య పలక వేస్తే ఒక మనిషి చక్కగా పడుకోవచ్చు. యంత్రానికి కరెంటు కావాలంటే బండి బ్యాటరీ ఉండనే ఉన్నది గదా అనుకొంటాము. అది కుదరదు. బండి బ్యాటరీ ఇంజనును తిప్పేందుకు కొద్ది సెకండ్లపాటు వందల ఆంపియర్లు గుప్పించడానికి చేసినది. దానిచేత రాత్రంతా మెల్లగా పని చేయిస్తే పలకలు దెబ్బతింటాయి, తెల్లవారి కొండమీద బండి లేవదు. అందుకని రెండవ బ్యాటరీ పెట్టించాము. ఒక మెకానిక్కు బానెట్టు క్రింద, ఇంజను ప్రక్కనే ఇనుప ట్రే అతికి, 65 ఆంపియర్ అవర్ల మామూలు నీళ్ళ బ్యాటరీని అందులో కూర్చోబెట్టాడు. చోటు అదొక్కటే ఉన్నది మరి. ఆ ట్రేకు బెత్తెడు దూరంలో పొగగొట్టం మొదలవుతుందన్న సంగతి అతనికీ పట్టలేదు, మాకూ పట్టలేదు.

2024 మార్చి 7, గురువారం. ఇచ్ఛాపురం, పలాసల మీదుగా పర్లాకిమిడి చేరి, మా పినతల్లి ఇంట భోజనం చేసి, సాయంత్రానికి కొండ దిగువన ఆగాము. ఆ రాత్రి నాన్నగారు జీపులో తొడుగు పెట్టుకొని పడుకొన్నారు. మేమూ తమ్ముడూ బయట చాప వేసుకొన్నాము. యంత్రం శబ్దం దోమ రొదలాగా సన్నగా వినబడుతూనే ఉంటుంది. అలవాటైతే అదే జోలపాట. రెండున్నర వేళ మాకు మెలకువ వచ్చింది. ఎందుకు వచ్చిందో ముందు తెలియలేదు. తరువాత తెలిసింది, శబ్దం లేదు.

జీపు తలుపు తీసి చూస్తే నాన్నగారు తొడుగు తీసి చేతిలో పట్టుకొని కూర్చొని ఉన్నారు. "లేపితే బాగుండేది గదా, నాన్నగారూ" అన్నాము. "లేపి ఏం చేస్తారురా?" అన్నారు. ఆయన మాట నిజమే. తెల్లవారే దాకా అట్లాగే కూర్చొన్నారు. కునుకు వస్తే ఊపిరి ఆగి ఉలిక్కిపడేవారు. సూర్యోదయం వేళకు కళ్ళు ఎర్రబడి, తల నిలవడం లేదు. ఆ స్థితిలో కొండ ఎక్కించడానికి మాకు ధైర్యం చాలలేదు. వెనక్కు తిప్పాము. "నా జాగారం ఒకరోజు ముందే అయిపోయిందిలే" అని నవ్వి, పలాస దాటేవరకు మళ్ళీ మాట్లాడలేదు. ఇచ్ఛాపురం దగ్గర, "కొండ ఎక్కడికి పోతుందిరా, వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. డెబ్బైఎనిమిదేళ్ళ మనిషి నోట వచ్చే ఏడు అనే మాట వింటే కొడుకులకు ఎట్లా ఉంటుందో వ్రాయనక్కరలేదు.

ఇంటికి వచ్చి ఆ బ్యాటరీ మూతలు విప్పి చూచాము. ఆరు గదులలో నాలుగింట నీరు పలకల క్రిందికి దిగి ఉన్నది. పెట్టి ఏడాది కాలేదు. బ్యాటరీ వేడికి ఓర్చదు. ఎనిమిది పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఆ వ్యాపారంలో ఉన్నవారి లెక్క. మా ఎండలు చాలక, దానిని పొయ్యి ప్రక్కన కాపురం పెట్టించాము. బయటికి నిండుగా 12.7 వోల్టులు చూపినా లోపల సగం సత్తువ కూడా మిగలలేదు. వోల్టు మీటరు చూచి నమ్మడం, పాసుపుస్తకంలో పాత నిల్వ చూచి చెక్కు వ్రాయడంవంటిది.

సరే, వేడికి దూరంగా వెనక్కు మార్చాలని నిశ్చయించాము. ఇక్కడే అసలు తప్పు జరిగింది. ఇంటి వైరింగు చేసే ఒక మనిషిని పిలిచాము. అతను కొత్త నీళ్ళ బ్యాటరీని జీపు వెనుక సీటు క్రింద పెట్టి, ఇళ్ళలో వాడే 6 చదరపు మిల్లీమీటర్ల తీగను ముందునుంచి వెనుక దాకా సీటు ప్రక్కగా లాగి, ముందు బ్యాటరీ దగ్గర ఒక ఫ్యూజు పెట్టి ముగించాడు. వెనుక వైపు ఫ్యూజు అక్కరలేదా అంటే "కిఛి హెబ నాహిఁ, బాబు", ఏమీ కాదు బాబూ, అన్నాడు. ఆఫీసులో ఈ మాట ఎన్నిసార్లు విన్నామో, ఎన్ని ఫైళ్ళు ఈ మాటమీద మునిగిపోయినవో మాకు తెలుసు. అయినా ఊరుకొన్నాము.

వారం తిరగకుండానే మా మరదలు, జీపులో ఎక్కితే కళ్ళు మండుతున్నవని అన్నది. కుళ్ళిన గ్రుడ్డు వాసన కూడా వస్తున్నదన్నది. మేము ఆ బండిలో చేపలబుట్ట ఎవరో తెచ్చి ఉంటారనుకొన్నాము. ఆగష్టు నెలలో ఒక ఆదివారం, వాన వెలిసిన పూట, జీపు మా వాకిట్లో నిలిపి ఉన్నది. లోపల నాన్నగారి దుప్పటీ, దిండూ ఉన్నవి. ఆయన లేరు, భగవంతుని దయ. మేనల్లుడు సీటు ముందుకు జరిపాడు. సీటు జారే ఇనుప పట్టా తీగ తొడుగును కోసింది. చిటుక్కుమన్నది. పొగ వచ్చింది. మా తమ్ముడు పరుగెత్తి బానెట్టు ఎత్తి ముందు ఫ్యూజు చూచాడు. అది అప్పటికే ఎగిరిపోయి ఉన్నది. ఫ్యూజు పోయినది గనుక ఇక భయం లేదనుకొన్నాము. పొగ ఆగలేదు. తీగ మీది ప్లాస్టిక్కు కరిగి బొట్లుబొట్లుగా కారుతున్నది, దుప్పటీ అంచు నల్లబడింది. మేనల్లుడు "మామయ్యా, వెనుక బ్యాటరీ!" అని అరిచి, గోనెపట్టా చేతికి చుట్టుకొని స్పానరుతో వెనుక టెర్మినలు విప్పి లాగితే గాని ఆగలేదు. మొత్తం రెండు నిముషాలు కూడా పట్టి ఉండదు. ఆ రెండు నిముషాలూ నాన్నగారు అరుగు మీద నిలబడి చూస్తూ ఉన్నారు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఇంటి కరెంటు తీగకు ఒక మొదలు, ఒక చివర ఉంటాయి. మొదట్లో ఆపితే చివర చచ్చిపోతుంది. రెండు బ్యాటరీల నడుమ లాగిన తీగకు చివర లేదు, రెండూ మొదళ్ళే. ఒకవైపు ఫ్యూజు పోయినా రెండవవైపు నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది. బ్యాటరీని ఇంజను ప్రక్కనుంచి వెనక్కు మార్చడమంటే ఇరవై కిలోల పెట్టెను జరపడం కాదు. రెండువైపులా ప్రాణమున్న ఐదు మీటర్ల తీగను, మనుషులు కూర్చొనే చోటు గుండా లాగడం. ఇంత చిన్న సంగతి ఎవరూ మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు.

కళ్ళ మంటకు కారణం కూడా తరువాత తెలిసింది. నీళ్ళ బ్యాటరీ చార్జి అవుతున్నప్పుడు హైడ్రోజను వాయువు వదులుతుంది. గాలిలో అది నూటికి నాలుగు పాళ్ళు చేరితే నిప్పురవ్వ చాలు, పేలడానికి. గాలికంటే తేలిక గనుక పైకి పోయి కప్పు క్రింద చేరుతుంది. మాది రేకు కప్పు. హైడ్రోజనుకు వాసన ఉండదు. ఆ కుళ్ళు వాసనా, కళ్ళ మంటా బ్యాటరీ ఎక్కువ చార్జి అయి మసులుతున్నదనడానికి గుర్తు. మా మరదలు ముక్కు చెప్పినదానిని మేము చేపలబుట్ట క్రింద కొట్టివేశాము. ఆ అమ్మాయికి ఈ సందర్భంలో క్షమాపణ చెప్పుకొంటున్నాము.

ఇక ఈసారి పని మొదలుపెట్టే ముందు కాగితం తీశాము. గుమాస్తా పనివల్ల ఉన్న మేలు అదొక్కటే. కాగితం మీద లేనిది జరిగినట్టు కాదని మాకు నమ్మకం. ఒక పాత కాకి అట్ట మీద జీపును గీసి, బ్యాటరీలు రెండూ, తీగ పోయే దారి, ప్రతి మలుపూ గుర్తుపెట్టాము. మేనల్లుడు ఐటీఐలో ఎలక్ట్రీషియను పని నేర్చుకొంటున్నాడు. వాడు లెక్క చెప్పాడు, మేము వ్రాశాము. రాగి తీగ ఐదు మీటర్ల పొడవు, 6 చదరపు మిల్లీమీటర్ల లావు అయితే, 40 ఆంపియర్లు పారేటప్పుడు దారిలోనే 0.58 వోల్టు పోతుంది. అదే 25 చదరపు మిల్లీమీటర్ల లావు అయితే పోయేది 0.14 వోల్టు. ఇంజను దగ్గర 14.2 వోల్టులు పుడితే సన్నతీగ చివరకు చేరేది 13.6 మాత్రమే. బ్యాటరీ నిండుతున్నకొద్దీ పారే కరెంటు తగ్గుతుంది, నష్టమూ తగ్గుతుంది, చివరకు నిండకపోదు. కాని అందుకు రోజంతా బండి నడపాలి. మనం నడిపేది నాలుగు గంటలు. ప్రతి ప్రయాణంలోనూ బ్యాటరీ సగం ఆకలితోనే పడుకొంటుందన్నమాట. పైగా ఆ కరెంటుకు సన్నతీగ చేతికి వెచ్చగా తగులుతుంది. వెచ్చదనమంటే పోయిన కరెంటే.

తీగ లావుది కొన్నాము. రెండువైపులా, బ్యాటరీకి జానెడు దూరంలో, 80 ఆంపియర్ల ఫ్యూజులు పెట్టించాము. తీగ చివరల లగ్గులను సుత్తితో కొట్టించలేదు, మోటారు వైండింగు దుకాణంలో ప్రెస్సు మీద ఒత్తించాము. తీగ మొత్తానికి ముడతల గొట్టం తొడిగాము. రేకు రంధ్రాలలో దూరేచోట రబ్బరు గ్రోమెట్లు వేశాము. సీటు పట్టాకు ఆమడ దూరంలో, తలుపు గడప వెంట తీసుకొనిపోయాము. ఆమడ అనడం అతిశయోక్తి, మూరెడు దూరం.

బ్యాటరీ కూడా మార్చాము. నీళ్ళు పోయనక్కరలేని, మూతబిగించిన ఏజీయం రకం, 75 ఆంపియర్ అవర్లది. అందులో ద్రవం గాజునార చాపలలో పీల్చుకొని ఉంటుంది, పుట్టిన వాయువు లోపలే తిరిగి నీరవుతుంది. అయినా మితిమీరి చార్జి అయితే దానికీ చిన్న కవాటం తెరుచుకొంటుంది. అందుకని దానిని మూత ఉన్న పెట్టెలో పెట్టి, పెట్టె పైభాగం నుంచి వేలెడు లావు గొట్టం ఒకటి నేలరేకు గుండా బయటికి తీశాము. లిథియం బ్యాటరీ అయితే బరువు సగం కూడా ఉండదని దుకాణదారు చెప్పాడు. చేతిసంచిలాగా పట్టుకొనిపోయే కరెంటు పెట్టెలు కూడా ఇప్పుడు బజారులో ఉన్నవి. ధరలు విని దండం పెట్టి వచ్చాము. మా పనికి మొత్తం ఖర్చు పద్దెనిమిదివేల చిల్లర. చిల్లర ఎంతో మా ఆవిడకు తెలియదు, ఇక్కడ వ్రాయము.

ఎక్కడ పెట్టాలన్నది పెద్ద తగవు. బ్యాటరీని కిరాణాకొట్టు కాటా మీద పెట్టి తూచితే ఇరవైనాలుగు కిలోలు. అంత బరువును బండి తోక చివర పెడితే వెనుక ఇరుసుకు అవతల పడి, గుంతలలో తోక ఊగుతుంది. ఇరుసుకు దగ్గరగా, చక్రం గుబ్బ ప్రక్కన, నేలకు ఆనించి పెట్టడం మంచిది. అయితే అది మా అమ్మ గిన్నెలసంచీ పెట్టుకొనే చోటు. నలభై ఏళ్ళుగా ఏ బండిలో పోయినా ఆమె గిన్నెలు వెనుక ఎడమ మూలనే ఉంటాయి. "మీ బ్యాటరీకి చోటు ఉన్నది, నా అన్నం గిన్నెకు లేదా?" అన్నది. రెండురోజులు పంచాయతీ జరిగింది. చివరకు పెట్టెపై మూతను దళసరి చెక్కతో చేయించి, దానిమీద గిన్నెలసంచీ పెట్టుకొనేటట్టు ఒప్పందం కుదిరింది. గొట్టం మూతకు ఉండకూడదు, పెట్టె గోడకు ఉండాలి అన్న మార్పు అమ్మ తగవువల్ల వచ్చినదే.

బిగించేటప్పుడు మెకానిక్కు రేకు స్క్రూలు చాలన్నాడు. ఈసారి మేము ఊరుకోలేదు. బండి ఎదురుగా దేనికైనా గుద్దుకొంటే ఇరవైనాలుగు కిలోలు క్షణంపాటు వందల కిలోలై ముందుకు దూకుతుంది, దాని ముందు పడుకొన్నది నాన్నగారు. కోణపు ఇనుముతో చట్రం చేయించి, నాలుగు బోల్టులను నేలరేకు గుండా దించి, క్రింద అరచేయంత ఇనుప బిళ్ళలు వేసి బిగించాలని పట్టుబట్టాము. సుద్దముక్కతో నాలుగు గుర్తులు పెట్టాము. డ్రిల్లు చేతికి తీసుకొన్న తరువాత మేనల్లుడు "ఒక్క నిముషం మామయ్యా" అని బండి క్రిందకు దూరాడు. మూడవ గుర్తుకు సరిగ్గా క్రింద బ్రేకు గొట్టం పోతున్నది. డ్రిల్లు దిగి ఉంటే ఏమయ్యేదో ఎవరమూ పైకి అనలేదు. మెకానిక్కు డ్రిల్లు క్రింద పెట్టి ఒక బీడీ కాల్చుకొని వచ్చాడు. చట్రాన్ని రెండంగుళాలు జరిపాము.

నెగటివు తీగ విషయం కూడా చెప్పాలి. మా జీపుకు పై శరీరం రబ్బరు దిమ్మెల మీద కూర్చొని ఉంటుంది; క్రింది చాసిసుకూ దానికీ సంబంధం ఒక సన్నని పట్టీ మాత్రమే. కనబడిన రేకుకు నెగటివు బిగిస్తే భారమంతా ఆ పట్టీమీద పడుతుంది. అందుచేత పెయింటు తెల్లగా గీకి, నేరుగా చాసిసుకే బిగించాము. పైన గ్రీజు పూశాము, తుప్పు పట్టకుండా. ముందు చాసిసుకూ ఇంజనుకూ నడుమ ఇంకొక లావు పట్టీ వేశాము.

రెండు బ్యాటరీల నడుమ ఒక రిలే ఉన్నది. ఇంజను నడుస్తూ వోల్టులు 13.3 దాటితే రెంటినీ కలుపుతుంది, 12.8కి దిగితే విడదీస్తుంది. రాత్రి యంత్రం ఎంత త్రాగినా వెనుకదాని నుంచే త్రాగుతుంది, ముందుదానిని ముట్టదు. ఉమ్మడి కుటుంబంలో వేరు పద్దులవంటిది ఇది. నాన్నగారికి ఈ రిలే నచ్చింది. "పగలంతా కలిసి సంపాదన, రాత్రి ఎవరి ఖర్చు వారిది" అన్నారు.

దీపావళి తరువాత పరీక్షలు మొదలుపెట్టాము. వాకిట్లోనే, జీపులో నాన్నగారు, అరుగు మీద మేము. యంత్రంలో నీళ్ళు వెచ్చచేసే భాగాన్ని ఆపివేశాము, అసలు కరెంటు తినేది అదే. అది లేకపోతే యంత్రం త్రాగేది రెండున్నర ఆంపియర్లు. ఎనిమిది గంటలకు ఇరవై ఆంపియర్ అవర్లు, అంటే బ్యాటరీలో మూడవ వంతు కూడా కాదు. మొదటి రాత్రి తెల్లవారేసరికి 12.4. రెండవ రాత్రి, మధ్యలో బండి నడపకుండా, 12.1. అంతకన్నా దించకూడదని వ్రాసిపెట్టుకొన్నాము. ప్రక్కింటివారు గోడమీద నుంచి చూచి, పెద్దాయనను ఇంట్లోనుంచి వెళ్ళగొట్టారా అని అడిగారట. అడగరా మరి!

ఈ పరీక్షలప్పుడే మాకు ఇంకొక ఆలోచన వచ్చింది. 2013 అక్టోబరు 12న ఫైలిను తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు బరంపురం రోజుల తరబడి చీకట్లో ఉన్నది. 2018లో తిత్లీ పలాస ప్రాంతాన్ని ఊడ్చిపెట్టింది. అప్పటికి నాన్నగారికి ఈ యంత్రం లేదు. ఇప్పుడు తుఫాను వస్తే జీపును వాకిట్లో నిలిపి, కిటికీ గుండా ఒక తీగ లోపలికి లాగితే చాలు. ఆ తీగకు పది ఆంపియర్ల ఫ్యూజు వేరే పెట్టి ఉంచాము.

డాక్టరుగారిని అడిగితే, రక్తపోటు చూచి, మెట్లు దూకుడుగా ఎక్కనివ్వవద్దని, ఆయాసం వస్తే దింపుకొని రమ్మని చెప్పి సరేనన్నారు. 2025 శివరాత్రి ఫిబ్రవరి 26, బుధవారం. సోమవారమే బయలుదేరి పర్లాకిమిడిలో పినతల్లి ఇంట పడుకొని, మంగళవారం సాయంత్రానికి కొండ దిగువన చేరాము. నిరుటి చోటే. అప్పటికే జనం చేరుతున్నారు. ఎక్కడో మైకులో భజన. అమ్మ గిన్నెలసంచీ బ్యాటరీ పెట్టెమీద నుంచి దింపి పులిహోర పెట్టింది. తొమ్మిదింటికి నాన్నగారు తొడుగు పెట్టుకొన్నారు.

మేమూ తమ్ముడూ చాప మీద పడుకొన్నాము. ఎవరమూ నిద్రపోలేదు, ఎవరమూ ఆ మాట ఒప్పుకోలేదు. రెండున్నరకు లేచి టార్చి వేసి మీటరు చూచాము, 12.5. జీపు తలుపు దగ్గర నిలబడితే సన్నని రొద, మధ్యమధ్య నాన్నగారి ఊపిరి. మేము మళ్ళీ వచ్చి పడుకొంటే తమ్ముడు చీకట్లోనే "ఎంత?" అన్నాడు. చెప్పాము. ఆ తరువాత వాడు గురకపెట్టాడు.

తెల్లవారాక నాన్నగారు మామీద కోప్పడ్డారు. "జనమంతా చీకటితోనే పైకి పోయారు, నన్నెందుకు లేపలేదురా?" అని. మేము ఏమీ అనలేదు. జీపు పోయినంత మేర జీపులో పోయి, అక్కడి నుంచి కర్ర పట్టుకొని, పదడుగులకు ఒకసారి ఆగుతూ, కుంతి గుడి దాకా ఎక్కారు. భీముని గుడి దాకా పోలేకపోయారు. క్రింద ఒక రాతిమీద కూర్చొని, 1966లో తాతగారు ఎక్కడ నిలబడి దండం పెట్టారో మేనల్లునికి చేయి చూపి చెప్పారు. పొగమంచులో మాకు అటు ఏమీ కనబడలేదు.

ఇప్పుడు బానెట్టు క్రింద పాత ట్రే ఖాళీగా ఉన్నది. ఒక మెకానిక్కు ఇంకెవరి బండికో కావాలని అడిగాడు, ఇవ్వలేదు. నెలకొకసారి ఫ్యూజుల బిగింపు, చాసిసు దగ్గరి గ్రీజు, పెట్టె గొట్టం చూస్తున్నాము. మొన్న ఆదివారం చూస్తే ఆ గొట్టం బయటి చివరలో కుమ్మరిపురుగు మట్టిగూడు కట్టి పూర్తిగా మూసివేసింది. చీపురుపుల్లతో తీసి, దోమతెర ముక్క ఒకటి దారంతో కట్టాము.